శృంగారంలో ఇద్దరుండాలి

కోణార్క సూర్యాలయాన్ని కట్టించిన గాంగరాజు నరసింహదేవుడి వంశం విశాఖకు కొత్తది కాదు. 13వ శతాబ్దంలో సింహాచలం గుడికి ఇప్పుడు మనం చూసే రూపం వచ్చింది ఆ వంశం పాలనలోనే. కోణార్కలోని మిథున శిల్పాలను ఎవరి కంటా పడకుండా దాచలేదు. పిల్లాపాపలతో వచ్చే యాత్రికులందరికీ కనబడేలా గుడి గోడల మీద పట్టపగటి ఎండలో చెక్కారు. ఒకప్పుడు ఆ రాజులే ఏలిన ఈ తీరంలో 2017 ఫిబ్రవరిలో ప్రేమికుల రోజు నాటికి 'బీచ్ లవ్ ఫెస్టివల్' జరపాలనుకుంటే గట్టి వ్యతిరేకత వచ్చింది, చివరికి అది జరగనే లేదు. ఆ వ్యతిరేకతలో రెండు గొంతులు కలిసిపోయి వినబడ్డాయి. ఆడవాళ్ల శరీరాలను పర్యాటకానికి సరుకు చేస్తారా అని ఒకటి అడిగింది. ఒంటి మీద బట్ట తగ్గితే మన సంస్కృతి ఏమైపోతుందని రెండోది వాపోయింది. రెండూ వద్దన్నది ఒకే వేడుకను, కానీ మొదటిది మనిషి గురించిన ప్రశ్న, రెండోది బట్ట గురించిన బెంగ. శృంగారానికీ బూతుకూ మధ్య గీత గీయాల్సి వచ్చిన ప్రతిసారీ మన సమాజం ఈ రెండోదాన్నే కొలతగా పట్టుకుంటోంది. ఆ కొలత తప్పని నా వాదన.

ఆ కొలత ఎంత అన్యాయం చేయగలదో కవయిత్రి ముద్దుపళని కావ్యానికి జరిగిన దానిలో స్పష్టంగా కనిపిస్తుంది. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని కొలువులో ఉన్న ఆమె 'రాధికా సాంత్వనము' రాసింది. తాను పెంచిన ఇళను తానే కృష్ణుడికిచ్చి పెళ్లి చేసిన రాధ, ఆ తర్వాత విరహంతో, అసూయతో, కోపంతో రగిలిపోతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను బతిమాలుకుంటాడు. ఈ కావ్యంలో కోరుకునేదీ, అలిగేదీ, కాదనేదీ, చివరికి ఔననేదీ ఆడమనిషే. సంఘసంస్కర్త వీరేశలింగం పంతులు దీన్ని స్త్రీ నోట రాకూడని బూతుగా తీర్మానించాడు, రాసినామె కులవృత్తిని కూడా ఎత్తిచూపాడు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠాన్ని పరిష్కరించి వావిళ్లవారి చేత అచ్చు వేయించింది. సిగ్గూ ఔచిత్యమూ ఆడవాళ్లకేనా, మగవాళ్లకు వర్తించవా అని పంతులుగారిని నిలదీసింది. ఆయన మెచ్చిన 'వైజయంతీ విలాసం'లో లేని వర్ణన ఇందులో ఏముందని అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం దొరకలేదు, 1911లో నిషేధం మాత్రం వచ్చింది. గుడి మీది శిల్పాలను, దేవుడి రథం మీది బొమ్మలను అశ్లీలం కింద లెక్కించరాదని నాటి శిక్షాస్మృతిలోనే మినహాయింపు ఉండేది. రాతిలో చెక్కిన మిథునానికి దొరికిన ఆ రక్షణ, రాధాకృష్ణుల మీద ఒక స్త్రీ రాసిన పద్యానికి దొరకలేదు. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గాని ఆ నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చు వేశారు.

మరి దేన్ని బట్టి గీత గీయాలి? జవాబు కోసం పరాయి శాస్త్రాలు తిరగేయనక్కర్లేదు. 14వ శతాబ్దంలో ఈ కళింగంలోనే 'సాహిత్యదర్పణం' రాసిన విశ్వనాథుడు, శృంగారం ఎప్పుడు శృంగారం కాకుండా పోతుందో చెప్పాడు. రతి ఉభయనిష్ఠం కానప్పుడు, అంటే కోరిక ఒక్కరిలోనే ఉండి రెండోవారిలో లేనప్పుడు, పుట్టేది రసం కాదు, రసాభాస. సీత మీద రావణుడి మోహాన్ని మన ఆలంకారికులు శృంగారంగా ఒప్పుకోనిది ఇందుకే. రావణుడు ఎంత అందమైన మాటలు పలికినా, ఎంత నిండుగా బట్టలు కట్టినా అది శృంగారం కాలేదు. విశ్వనాథుడి జాబితా అంతటినీ నెత్తిన పెట్టుకోవాలని నేను అనను. తక్కువ జాతివాళ్లుగా తాను లెక్కగట్టిన వారి ప్రేమను కూడా ఆభాసలోకే తోసేశాడు ఆయన. ఆనాటి ఆ గర్వాన్ని అక్కడే వదిలేద్దాం. ఉభయనిష్ఠ అనే సూత్రం మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఎదుటి మనిషిలో కూడా ఒక మనసుందని, దానికి కాదనే హక్కుందని గుర్తించేది శృంగారం. ఆ మనసును చెరిపేసి ఒంటిని మాత్రం మిగిల్చేది బూతు.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. నీలిచిత్రంలో నటించేవాళ్లు కూడా ఒప్పందం మీద సంతకం పెట్టే నటిస్తారు కదా, అక్కడ సమ్మతి లేదనడం ఎలా? సంతకం నటికీ నిర్మాతకూ మధ్య ఉండే వ్యవహారం. అది నిజమైనదా, బలవంతపుదా అన్నది తప్పక విచారించాల్సిందే. అయితే తెర మీది కథ ఆమెను ఎలా ఊహించుకుందన్నది వేరే ప్రశ్న. ఎప్పుడూ కాదనని, ఎన్నడూ అలగని, తనకంటూ ఏ కోరికా లేని ఒక వస్తువుగా ఆమెను చూడటం చూసేవాడికి అలవాటు చేస్తే, సంతకం ఎంత సక్రమమైనదైనా అది ఆభాసే. శృంగార కావ్యం మాత్రం ఒంట్లో వేడి పుట్టించదా అంటారు. పుట్టిస్తుంది, అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. ఉద్రేకం కలగడాన్నే నేరంగా చూసే వాళ్లు మొదట కోణార్కకే తాళం వెయ్యాలి.

ఇక నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం మూడోది: ఈ తేడాను తేల్చేదెవరు? పోలీసులు తేల్చలేరు. తేలుస్తామని బయల్దేరితే 1911 మళ్లీ వస్తుంది. సాహిత్యలోకమూ పొరబడుతుంది. కవయిత్రి జయప్రభ 'చూపులు', 'పైటను తగలెయ్యాలి' వంటి కవితలతో మగవాడి చూపునే బోనెక్కించినప్పుడు, ఓల్గా సంపాదకత్వంలో 1993లో 'నీలిమేఘాలు' స్త్రీవాద కవితా సంకలనం వచ్చిన రోజుల్లో, స్త్రీవాదులది నీలి కవిత్వమని ముద్ర వేసింది ప్రభుత్వం కాదు, సాహిత్యకారులే. తన శరీరం గురించి తానే మాట్లాడే స్త్రీని బూతు కింద జమకట్టడం మనలో అంత లోతుగా ఉంది. అయినా అలాంటి ముద్రను వాదనతో ఎదుర్కోవచ్చు, నిషేధాన్ని అలా ఎదుర్కోలేం. అందుకే అభిరుచి విషయాన్ని చదువరులకు, విమర్శకులకు, వాదవివాదాలకు వదిలేసి, చట్టం తన చేతిని బాగా కుదించుకోవాలి. పిల్లల విషయంలో, బలవంతం ఉన్నచోట, ఒకరి అనుమతి లేకుండా వాళ్ల చిత్రాలు బయటపెట్టినప్పుడు మాత్రం కఠినంగా ఉండాలి. చెడగొట్టే గుణం ఉందా అని వెతికే 1868 నాటి ఇంగ్లండు కొలతను మన సుప్రీంకోర్టు 1964లో స్వీకరించి, 2014లో అవీక్ సర్కార్ కేసులో వదిలేసింది. దాని బదులు సమకాలీన సమాజ ప్రమాణాలను పెట్టింది. అది కొంత మెరుగే. కానీ వీరేశలింగం కాలపు సమాజ ప్రమాణాలు ముద్దుపళనిని కాపాడేవా? ఐటీ చట్టం చూడండి. అనుమతి లేకుండా ఒకరి రహస్యాంగాల చిత్రాన్ని తీసినా, పంచినా 66ఇ కింద పడే శిక్ష గరిష్ఠంగా 3 ఏళ్లు. లైంగిక చర్య బాహాటంగా కనిపించే దృశ్యాన్ని పంచితే, అందులో ఉన్నవాళ్ల ఇష్టాయిష్టాలతో పనిలేకుండా, 67ఎ కింద మొదటి నేరానికే 5 ఏళ్ల దాకా పడవచ్చు. కొన్ని సందర్భాల్లో రెండు సెక్షన్లూ కలిపే పెడతారన్నది నిజమే. అయినా, ఎంత కనబడిందన్న దానికి ఎక్కువ శిక్ష, అందులో ఉన్నవాళ్లు ఒప్పుకున్నారా లేదా అన్న దానికి తక్కువ శిక్ష వేసే ఈ లెక్కను తిరగరాయాలి.