భోగభూమిలో కాలిబాట

భరతవర్షం ఒక్కటే కర్మభూమి, మిగిలిన వర్షాలన్నీ భోగభూములు అంటుంది విష్ణుపురాణం. కర్మభూమిలో చేసిన పనికి ఫలం పుడుతుంది. భోగభూమిలో ఉండేవాడికి, ఎప్పుడో సంపాదించుకున్న పుణ్యాన్ని కూర్చుని తినడమే మిగిలిన పని. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉంటూ వారాంతాల్లో సత్యనారాయణ వ్రతాలూ గృహప్రవేశాలూ చేయిస్తున్న నాకు ఇది పక్కన పెట్టదగ్గ మాట కాదు. వారంలో ఐదు రోజులు నేను ఫార్మసిస్టుని. పౌరోహిత్యం దివిసీమలో మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నది. ఈ నేల మీద చేసిన కర్మకు ఫలమే లేదంటే, నాన్నగారు చెప్పిన చదువును నేను ఇక్కడ ఏం చేస్తున్నట్టు?

సన్ ప్రెయిరీలో ఒక గృహప్రవేశం రోజున ఈ ప్రశ్న నన్ను సూటిగా అడిగినవారు ఇంటాయన తండ్రిగారు. విజయవాడ నుంచి వచ్చిన పెద్దాయన. భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, “శాస్త్రిగారూ, తప్పుగా అనుకోకండి. ఇది భోగభూమి కదా, ఇక్కడ మీరింత నిష్ఠగా చేయిస్తున్నది ఎక్కడికి చేరుతుంది?” అన్నారు. ఆయన ఎకసెక్కానికి అడగలేదు. కొడుకూ కోడలూ మనవలూ ఇక్కడే స్థిరపడిపోతారని తెలిసిన మనిషి గుబులు అది.

దేశకాలాలు చెప్పకుండా మనకు ఏ కర్మా మొదలుకాదు. సంకల్పంలో కల్పం, మన్వంతరం, యుగం, సంవత్సరం, తిథి వరుసగా చెప్పి, ఎక్కడ కూర్చున్నామో కూడా చెప్పాలి. మా ఊళ్లో నాన్నగారు శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల నడుమ ఉన్నామో చెప్పేవారు. ఆయన శ్రీశైలం నడిచి వెళ్లివచ్చినవారు. కృష్ణ ఎక్కడ చీలుతుందో, ఏ పాయ ఏ రేవు దగ్గర సముద్రంలో కలుస్తుందో ఆయన కాళ్లకు తెలుసు. కాబట్టి ఆయన నోట ఆ మాటలు వింటే సాక్ష్యం చెబుతున్నట్టుండేది. అమెరికాలో చాలామంది పురోహితులు జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపం అనీ, భరతవర్షానికి బదులు రమణకవర్షం అనీ, ఐంద్రఖండం అనీ చెబుతారు. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. అందులో దోషం ఉందని అనను. కాకపోతే ఆ పేర్లకు, కిటికీలోంచి నాకు కనిపించే నేలకు మధ్య ఒక్క అడుగు కూడా పడలేదు.

మేముండేది మేడిసన్ పక్కన వెరోనాలో. ఐస్ ఏజ్ ట్రెయిల్ మా ఊరి మీదుగానే పోతుంది. తూర్పున స్టర్జన్ బే దగ్గరి పొటవాటమీ పార్కు నుంచి పడమట సెయింట్ క్రాయ్ ఫాల్స్ దాకా సుమారు 1,200 మైళ్ల దారి, మొత్తం విస్కాన్సిన్‌లోనే. మిల్వాకీ న్యాయవాది రే జిల్మర్ 1950లలో ఈ ఆలోచన చేశాడు, 1980లో కాంగ్రెస్ దీన్ని జాతీయ కాలిబాటగా గుర్తించింది. ఆఖరి హిమయుగంలో మంచు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ఆ అంచు వెంట నడిపిస్తుంది ఈ దారి. చెట్లకు పూసిన పసుపు పట్టీలే గుర్తులు. దారంతా ఇంకా పూర్తికాలేదు. మధ్యలో చాలాచోట్ల మామూలు రోడ్ల మీద నడిచి తర్వాతి తునకను అందుకోవాలి. కొన్ని తునకలు రైతుల పొలాల్లోంచి, వాళ్ల అనుమతి మీద సాగుతాయి. నవంబరులో జింకల వేట రోజుల్లో నారింజ రంగు చొక్కా లేకుండా అడుగు పెట్టకూడదు. వసంతం నుంచి పిడుదుల బెడద. ఇంటికి రాగానే పిక్కలూ మోకాళ్ల మడతలూ చూసుకోవాలి.

వెరోనా దగ్గర బాట ఒక పొడుగాటి దిబ్బ వెంట పోతుంది. మంచు తోసుకొచ్చి వదిలేసిన మట్టీ కంకరా అది. ఆ దిబ్బకు తూర్పున నేలంతా మంచు నలిపిన నేల. పడమట కాస్త దూరం పోతే మంచు తాకని పాత కొండలూ లోతైన లోయలూ మొదలవుతాయి. నీళ్లు ఒక్క రాత్రిలో నేల ముఖం ఎలా మార్చేస్తాయో 1977 ఉప్పెన చూసిన దివిసీమ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గడ్డకట్టిన నీళ్లు వేల ఏళ్లపాటు అదే పని చేస్తే ఏమవుతుందో ఇక్కడ కళ్లారా చూశాను. దారిలో ఉత్తరం నుంచి మంచు మోసుకొచ్చిన పెద్ద పెద్ద రాళ్లు కనిపిస్తాయి. మావాళ్లు చాలామంది వాటిని చూసి, మనమూ ఇలాంటివాళ్లమే, ఎక్కడినుంచో వచ్చి పడ్డాం అంటారు. నాకా పోలిక నచ్చదు. రాయికి ఇష్టాయిష్టాలు లేవు. మేం వీసా కాగితాలు నింపుకుని, కోరి వచ్చాం. కోరి వచ్చినవాడికి బాధ్యత ఉంటుంది.

ఆ బాధ్యతను ఇక్కడ నెత్తినేసుకున్నవాళ్లను చూడాలంటే బాట వేసే రోజున వెళ్లాలి. ఈ దారిని చాలావరకు వేసిందీ కాపాడుతున్నదీ స్వచ్ఛందంగా వచ్చే మనుషులు. పలుగులూ పారలూ పట్టుకుని కొండవాలును చెక్కుతారు. బాటను లోయవైపు రవ్వంత వాలుగా దిద్దాలి, అప్పుడే వాన నీరు బాట వెంట పారి కోసెయ్యకుండా అడ్డంగా జారిపోతుంది. ఆ వాలు కంటికి ఆనదు, కుదిరితే ఎవరూ గమనించరు కూడా. నాకు పార పట్టడం నేర్పిన ఆవిడకు రెండు మోకాళ్లూ మార్చారు. ఎక్కువ దూరం నడవలేదు. మడత కుర్చీలో కూర్చుని ఆకురాయితో పనిముట్లకు పదును పెడుతుంది. “ఈ తునకను మీరు నడిచారా?” అని అడిగితే, “ఎందుకు నడవాలి? నడిచేవాళ్లు వస్తారుగా” అంది. బాట మొదట్లో బ్రష్షులు బిగించి ఉంటాయి. బూట్ల అడుగున అంటుకున్న కలుపు విత్తనాలు అడవిలోకి చేరకుండా దులుపుకుని లోపలికి వెళ్లాలి. గుడి ముందు కాళ్లు కడుక్కుని పెరిగిన నాకు అది చాలా సహజంగా తోచింది.

ఆ పెద్దాయన ప్రశ్నకు నా సమాధానం ఇలాంటి చోట్ల నడుస్తూ, పని చేస్తూ కుదురుకుంది. కర్మభూమి అంటే మనసులో ఉండే స్థితి అని కొందరు సర్దిచెబుతారు. అలా మెత్తబరచడం నాకిష్టం లేదు. పురాణం దిక్కులూ సముద్రాలూ పర్వతాలూ పేరుపెట్టి చెప్పింది, నేల గురించే చెప్పింది. కానీ చెప్పింది ఎవరు? హిమాలయం నుంచి సేతువు దాకా తరతరాలుగా నడిచినవాళ్లు. ఏ నది ఏ కొండలో పుడుతుందో, ఏ మడుగు ఒడ్డున ఎవరు తపస్సు చేశారో అడుగడుగునా తెలిసినవాళ్లు. వాళ్లు నడిచిన నేలను కర్మభూమి అన్నారు. నడవని ద్వీపాల గురించి విన్నది చెప్పారు. అక్కడ ఎవరున్నారో, ఏ పని ఎవరికోసం చేస్తున్నారో చూసే వీలు వాళ్లకు లేకపోయింది. నాకు ఉంది. ఫలితం తనకు దక్కదని తెలిసి పారకు పదును పెడుతున్న మనిషి ఎదురుగా ఉండగా, ఇక్కడ కర్మ లేదని నేను ఎలా అనగలను? భోగం మాత్రం ఇక్కడ కావలసినంత ఉంది, పెద్దాయన భయం ఉత్తినే పుట్టలేదు. మూడు కార్లు పట్టే గ్యారేజీ ఉన్న ఇళ్లలో వ్రతం చేయిస్తూ, ఇంటి వెనకాల పారే వాగు పేరు అడిగితే చెప్పగలిగినవాళ్లు నాకు అరుదుగా దొరికారు. అది నేల దోషం కాదు.

హ్యూబర్టస్ దగ్గర ఈ బాట హోలీ హిల్ కొండను చుట్టుకుపోతుంది. కరిగిన నీళ్లు మంచులోని బిలాల్లోంచి కంకరను కిందికి రాల్చగా కుప్పపడిన కొండ అది. దాని మీద మేరీమాత బసిలికా ఉంది, 1906 నుంచి కార్మెలైట్ సన్యాసులు చూసుకుంటున్నారు. లోపల, నడక వచ్చిందని మొక్కు తీర్చుకున్నవాళ్లు వదిలి వెళ్లిన ఊతకర్రలు పేర్చి ఉంటాయి. వాటి ముందు నించుంటే తిరుపతిలో నిలువు దోపిడీ ఇచ్చే జనం గుర్తొచ్చారు. ఫలం సంగతి ఆ కర్రల ముందు వాదించలేను.

పివాకీలో మన గుడి ఉంది, జైన మందిరం కూడా అదే ఆవరణలో. అక్కడికి దగ్గర్లోనే డెలాఫీల్డ్‌లో లాఫం పీక్. ఈ బాట దాని మీదుగా పోతుంది, గుడికి వచ్చిన పిల్లలను అప్పుడప్పుడు అక్కడికి తీసుకెళుతుంటాను. ఇంక్రీజ్ లాఫం సర్వేలు చేసిన మనిషి. విస్కాన్సిన్‌లో ఆదివాసులు మట్టితో కట్టిన దిబ్బలను తిరిగి కొలిచి, గీసి, 1855లో పుస్తకంగా వేశాడు. పక్షుల్లా, ఎలుగుల్లా, పొడుగు తోక జంతువుల్లా రూపం దిద్దిన దిబ్బలు అవి. చాలావరకు వెయ్యేళ్లకు అటూఇటూగా కట్టినవి. రాష్ట్రంలో అన్ని రకాల దిబ్బలూ కలిపి ఒకప్పుడు 15,000కు పైగా ఉండేవని అంచనా, ఇప్పుడు మిగిలినవి సుమారు 4,000. తక్కినవి నాగళ్ల కిందా, ఊళ్ల కిందా పోయాయి.

వాటిలో కొన్నిటిని బరాబూ దగ్గర డెవిల్స్ లేక్ ఒడ్డున చూడొచ్చు. మా ఆవిడా నేనూ మహాలయ పక్షం రోజుల్లో వెళ్లాం. రెండు కొండల నడుమ పాత నది లోయ అది. మంచు రెండు చివరలా మట్టి కట్టలు పోసి మూసేస్తే మధ్యలో సరస్సు నిలిచింది. సుమారు 500 అడుగుల కొండలు, గులాబీలో ఊదా కలిసిన క్వార్ట్‌జైట్ రాయి. ఎక్కేటప్పుడు కొన్ని రాతి పలకల మీద అలల గీతలు కనిపిస్తాయి. ఏదో సముద్రపు ఒడ్డున నీళ్లు ఇసుక మీద గీసినవి, ఇసుక రాయైనా చెరగలేదు. ఆ రాయి వయసు 160 కోట్ల ఏళ్లకు పైమాటే. శ్వేతవరాహ కల్పంలో ఇప్పటికి గడిచింది సుమారు 197 కోట్ల ఏళ్లని మన లెక్క. అంటే నేను రోజూ సంకల్పంలో పలికే కల్పం లోపలే ఆ అలలు తాకాయి. మంచు ఈ లోయను మూసింది ద్వాపరం చివరి భాగంలో. పురాణాన్ని భూగర్భశాస్త్రంతో నెగ్గించాలని ఈ లెక్క చెప్పడం లేదు. ఇన్నేళ్లుగా వేగంగా పలికి దాటేసిన కాలం నా అరచేతి కింద గరుకుగా తగిలింది. ఆ రోజు నుంచి ఆ మాట దగ్గర నా నోరు నెమ్మదిస్తోంది. దేశం చెప్పేటప్పుడు క్రౌంచద్వీపం తర్వాత విస్కాన్సిన్, రాక్ నదుల మధ్య అని కూడా చేరుస్తున్నాను. ఆ రెంటి ఒడ్డునా నడిచాను కనక చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

సరస్సు దక్షిణపు ఒడ్డున రెక్కలు చాచిన పక్షి దిబ్బ ఉంది. ఈ సరస్సు ఇక్కడి ఆదివాసులైన హో-చంక్ జనానికి పవిత్రం. 1837లో వాళ్ల ప్రతినిధుల చేత వాషింగ్టన్‌లో ఒప్పందం మీద సంతకం పెట్టించారు. ఖాళీ చేయడానికి ఎనిమిదేళ్ల గడువని వాళ్లు నమ్మారు, పత్రంలో రాసింది ఎనిమిది నెలలు. ఆ తర్వాత దశాబ్దాలపాటు సైనికులు వాళ్లను అయోవాకు, మిన్నెసోటాకు, డకోటాకు, నెబ్రాస్కాకు తరిమారు. తరిమిన ప్రతిసారీ కొందరు తిరిగి వచ్చేశారు. 1874 నాటి ఆఖరి తరిమివేత తర్వాత కూడా వచ్చారు. ఒక నేల తమకు క్షేత్రమని ఇంతకన్నా గట్టిగా చెప్పిన జనం గురించి నేను ఏ స్థలపురాణంలోనూ చదవలేదు. ఈ నేల మాకు కర్మభూమి అవుతుందా అని అడిగేముందు, ఇది ఎప్పటినుంచో ఎవరి కర్మభూమో తెలుసుకోవడం మా వంతు.

పక్షి దిబ్బ దగ్గర మా ఆవిడ చాలాసేపు నించుంది. “ఎవరూ లేనివాళ్లకు కూడా తర్పణంలో నీళ్లు వదులుతారుగా. వీళ్ల పేరున ఓ దోసెడు వదలకూడదా?” అంది. ఆ మాట వెనక ఉన్న మనసు నాకు తెలుసు. అయినా కూడదనే చెప్పాను. ఆ నీళ్లు సంతతి లేక పోయినవాళ్లకు, దిక్కులేనివాళ్లకు. వీళ్లకు వారసులున్నారు, బ్లాక్ రివర్ ఫాల్స్‌లో వాళ్ల ప్రభుత్వ కార్యాలయం ఉంది, తమ పెద్దలను ఎలా తలచుకోవాలో వాళ్లకు తెలుసు. దిక్కులేనివాళ్లని మనం నీళ్లు వదిలితే, లేకుండా చెయ్యాలని చూసినవాళ్ల మాటకే వంత పాడినట్టవుతుంది. ఆమె కాస్త ఆలోచించి, “అయితే పిల్లలకైనా చెప్పండి” అంది. చెబుతున్నాను. ఉపనయనం చేయించిన పిల్లలను తీసుకొచ్చినప్పుడు సంధ్యావందనం ఎక్కడ కూర్చుని చేసినా ఫరవాలేదంటాను. దిబ్బ మీద మాత్రం కాలు పెట్టనివ్వను.