డిమెన్షియా, అల్జీమర్స్: తేడా తెలిస్తే తీరు మారుతుంది

డిమెన్షియా ఒక జబ్బు పేరు కాదు, కొన్ని లక్షణాల సముదాయం. జ్ఞాపకం, ఆలోచన, మాట, డబ్బు లెక్క, దారి పోల్చుకోవడం సన్నగిల్లి, మనిషి తన పనులు తాను చేసుకోలేని స్థితికి వస్తే వైద్యులు దాన్ని డిమెన్షియా అంటారు. ఆ స్థితిని తెచ్చే జబ్బుల్లో ఒకటి అల్జీమర్స్. జ్వరం మలేరియాతోనూ రావచ్చు, టైఫాయిడ్‌తోనూ రావచ్చు, ఇదీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డిమెన్షియా కేసుల్లో 60 నుంచి 70 శాతానికి అల్జీమర్స్ కారణం కావచ్చు. అందుకే జనం నోట రెండూ ఒకటైపోయాయి.

1901లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు 51 ఏళ్ల ఆగస్ట్ డేటర్‌ను పరీక్షించాడు. కాసేపటి ముందు చూపిన వస్తువులు కూడా ఆమెకు గుర్తుండేవి కావు. 1906లో ఆమె మరణించాక మెదడును సూక్ష్మదర్శినితో చూస్తే, నాడీకణాల బయట పేరుకున్న మచ్చలు, లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. మొదటివి బీటా అమిలాయిడ్, రెండోవి టౌ అనే ప్రొటీన్లని తర్వాత తేలింది. 1910లో ఎమిల్ క్రెపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టాడు. కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ తొలిదశలోనే దెబ్బతింటుంది. పెళ్లినాటి ముచ్చట్లు పూసగుచ్చినట్టు చెప్పే మనిషికి పొద్దున తిన్న టిఫిన్ గుర్తుండకపోవడం అందువల్లే.

మిగతా కారణాల తీరు వేరు. మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే వాస్క్యులర్ డిమెన్షియా, పక్షవాతం వచ్చినవారిలో మెట్లుమెట్లుగా ముదరవచ్చు. లెవీ బాడీ రకంలో లేనివి కనిపిస్తాయి, ఒళ్లు బిగుసుకుంటుంది. ఫ్రంటోటెంపోరల్ రకంలో ముందుగా ప్రవర్తనో మాటో మారుతుంది. పెద్ద వయసులో ఒకటికి మించిన రకాలు కలిసి ఉండటమూ సాధారణమే.

బి12 లోపం, థైరాయిడ్ మందగించడం, దిగులు, తలకు దెబ్బ తగిలాక పుర్రె లోపల రక్తం చేరడం కూడా డిమెన్షియాలాగే కనిపించవచ్చు. వీటికి చికిత్స ఉంది. కాబట్టి ‘వయసు మీదపడింది’ అని రక్తపరీక్షలు, స్కాన్ మానేయడం పెద్దలకు అన్యాయం చేయడమే. అల్జీమర్స్‌లో డోనెపెజిల్ వంటి మందులు లక్షణాలను కొంత అదుపు చేస్తాయి, జబ్బును మాన్పలేవు. లెవీ బాడీ ఉన్నవారికి కొన్ని మానసిక వ్యాధుల మందులు ప్రమాదకరం. రకం తేల్చుకోవడం ఇందుకే అవసరం.

బీపీ, షుగర్ అదుపులో ఉంచుకోవడం, పొగ మానడం, చెవుడుకు యంత్రం పెట్టుకోవడం ముప్పును తగ్గించగలవు. భాషల ప్రభావంపై హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారికంటే రెండు భాషలవారిలో డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది.

అడిగిందే అడగడం చాదస్తం కాదు, దాచిన నగ కనబడక కోడలిని అనుమానించడం దుర్బుద్ధి కాదు. రెండూ జబ్బు పనులే. ‘ఇందాకే చెప్పాను కదా’ అన్న విసురు రోగికి ఏమీ నేర్పదు, నొప్పి మాత్రం మిగులుస్తుంది. మళ్లీ అదే జవాబు నెమ్మదిగా చెప్పడం, వారి ఎదుటే, వారు లేనట్టు వారి గురించి మాట్లాడకపోవడం ఇంటివారి ధర్మం. సేవంతా ఒక్క ఆడమనిషి మీద వేయకుండా కొడుకులూ కూతుళ్లూ వంతులు వేసుకోవడం కూడా ఆ ధర్మంలో భాగమే.