వార్ధకమునకు తగిన వాసము

మానవుని ఆయుర్దాయమును మన పూర్వులు నాలుగు ఆశ్రమములుగా విభజించిరి. బ్రహ్మచారికి గురుకులము, గృహస్థునకు స్వగృహము, వానప్రస్థునకు వనము నివాసములు. సన్న్యాసికి నియతమైన వాసమే లేదు. మేను ముడుతలు పడి, తల నెరసి, కుమారునకు సంతానము కలిగిన పిమ్మట గృహస్థుడు వనమునకు పోవలెనని మనుధర్మశాస్త్రము విధించుచున్నది. భార్యను కుమారుల రక్షణలో నుంచి యైనను, వెంటగొని యైనను పోవచ్చునని కూడ అందే కలదు. కావున వార్ధకమున ఎచ్చట నుండవలెనను ప్రశ్న నేడు పుట్టినది కాదు.

ఆ ప్రశ్నయే నేడు క్రొత్త రూపమున గృహస్థుల ముంగిట నిలిచినది. 2011 నాటి జనాభా లెక్కల ప్రకారమే మన దేశమున అరువదియేండ్లు నిండినవారు పదికోట్లకు పైబడి యుండిరి. అట్టివారి కొరకే హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై, పూణే నగరముల పరిసరములందును, విశేషించి కోయంబత్తూరు ప్రాంతమునను సకల సౌకర్యములతో నివాస సముదాయములు వెలసినవి. వీనిని సీనియర్ లివింగ్ అని వ్యవహరించుచున్నారు. ఇవి నిరాశ్రయుల కొరకు ధర్మాత్ములు నెలకొల్పిన వృద్ధాశ్రమములు కావు. ధనము చెల్లించి చేరునవి. జారని నేల, స్నానపుగదిలో పట్టుకొనుటకు కడ్డీలు, మంచము ప్రక్కన పిలుపుగంట, లిఫ్టు, భోజనశాల, వైద్యుడు, అంబులెన్సు, గ్రంథాలయము, కొన్నింట ఈతకొలను, మరికొన్నింట చిన్న దేవాలయము కూడ ఉండును.

ఒక వృద్ధదంపతులను మనస్సున భావింతము. భర్త ఉద్యోగము విరమించి పదియేండ్లు దాటినది. కుమారుడు అమెరికాలో నున్నాడు. కుమార్తె పూణేలో నున్నది. వారిది పెద్దలనాటి మండువా లోగిలి. ఒకనాటి రాత్రి భర్త స్నానపుగదిలో జారిపడెను. మోకాళ్ళ నొప్పులతో లేవలేని యిల్లాలు వేసిన కేక ప్రక్కయింటికి వినబడలేదు. తెల్లవారి పాలవాడు వచ్చి తలుపు తట్టువరకు వారిరువురును నేలమీదనే యుండిరి. సంగతి వినిన కుమారుడు, "నాన్నగారూ, మంచి చోట చేరుడు, ఖర్చంతయు నేను భరించెదను" అనెను. తండ్రికి ఇల్లు విడుచుటకు మనసొప్పలేదు. తల్లి ఒక్కమాట అడిగెను: "మనము పోవుదుము సరే, పెరుమాళ్ళు ఎక్కడ వేంచేయుదురు?" వారింట తరతరముల సాలగ్రామము కలదు.

ఇట్టి యిండ్లు నేడు పెక్కులు. కావున గుణదోషములను పక్షపాతము లేక విచారింపవలెను.

గుణములు స్పష్టములు. పడినపుడు లేవనెత్తు చేయి రాత్రియు పగలును దగ్గర నుండును. వంటచెరకు, గ్యాసు, కరెంటు బిల్లు, పనిమనిషి రాకపోవుట మొదలైన చింతలు తొలగును. సమవయస్కులతో మాటామంతి కలుగును. తాళము వేసిన యింటిలో కొడుకును కోడలును సాయంకాలము వచ్చువరకు గోడలు చూచుచు కూర్చుండు వృద్ధుని ఏకాంతము కన్న ఇది మేలు. ఇట్టిచోట చేరినవారిని పిల్లలు విడిచిరని నిందించుటయు, చేర్చిన పిల్లలను ద్రోహులని దూషించుటయు న్యాయము కాదు.

దోషములును కలవు. సముదాయమున అందరును వృద్ధులే. పసిపిల్లల సవ్వడి యుండదు. మనుమనికి పద్యము నేర్పు తాత, మనుమరాలికి జడవేయు అవ్వ అక్కడ కానరారు. ప్రతి పనియు పరిజనులే చేయుచుండగా తమవలన ఎవరికిని ఏ యుపయోగమును లేదను దైన్యము మెల్లగా ప్రవేశించును. భోజనశాలలోని అన్నము రుచికరమే కావచ్చును గాని ఆరగింపు కాని యన్నము. నెలసరి రుసుము ఏటేట పెరుగును; పెన్షను అట్లు పెరుగకపోవచ్చును.

ఈ విచారమునకు భాగవత భారతములలో దారి కలదు. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పాండవుల యింట పదునైదేండ్లుండెనని భారతము చెప్పుచున్నది. ధర్మరాజు ఏలోటును రానీయలేదు. రాజభోగము, స్వగృహము, సేవకులు, వైద్యులు అన్నియు నుండెను. అయినను భీముని పరుషవాక్యములు చెవిని పడుచునే యుండెను. తీర్థయాత్రనుండి మరలివచ్చిన విదురుడు, కన్నులు లేక, దంతములు కదలి, జీర్ణశక్తి తగ్గినను జీవితాశ తగ్గలేదని అన్నను మందలించెనని భాగవతకథ. సౌకర్యములు లేవని విదురుడు చెప్పలేదు. సౌకర్యములే బంధములైనవని చెప్పెను. స్వగృహమే శ్రేష్ఠమనువారికిని, విలాసమందిరమే శ్రేష్ఠమనువారికిని ఈ కథ సమాధానము. రెండుచోట్లను ధృతరాష్ట్రునివలె ఉండవచ్చును.

కుంతీదేవి త్రోవ వేరు. ఆమె కుమారులు సమ్రాట్టులు. ఆమెను పొమ్మన్నవారు లేరు. ఉండుమని కుమారులు కన్నీటితో వేడుకొనిరి. అయినను ఆమె బయలుదేరెను. ఏల? బావగారికిని తోడికోడలికిని సేవచేయుటకు. కన్నులకు గంతకట్టుకొన్న గాంధారి కుంతి భుజముపై చేయివేసెను; అంధుడైన ధృతరాష్ట్రుడు గాంధారి భుజముపై చేయివేసెను. అట్లు ముగ్గురును నడచిరి. తానును వృద్ధురాలే, అయినను మరి యిద్దరు వృద్ధులకు ఆమె భుజమాధారమైనది. ధృతరాష్ట్రుడు పదునైదేండ్లు నాకేమి జరుగునని చూచుచు కూర్చుండెను. కుంతి నేనెవరికి ఉపయోగపడుదునని చూచి లేచెను.

శ్రీవైష్ణవ సంప్రదాయమునను ఇదియే కానవచ్చును. భగవద్రామానుజులు అవసానకాలమున శిష్యులకు ఉపదేశించిన మార్గములలో దివ్యదేశ కైంకర్యము ఒకటి. తిరునారాయణపురమున కుటీరము కట్టుకొని వసించుట మరియొకటి. ఏదియు చేయలేనివాడు ఒక శ్రీవైష్ణవుని అభిమానమున ఒదిగియుండుట చివరిది. వారు చెప్పినది కుటీరమే గాని సౌధము కాదు. అన్నిటికిని కడపట నిలిచినది గోడలు కాదు, మనుష్యుని అభిమానము.

కావున చేరదలచినవారు ఈతకొలనును చూచుటకు ముందు కొన్నింటిని విచారింపవలెను. గదిలో చిన్న వంటకు అనుమతి కలదా? గుప్పెడు బియ్యము వండి పెరుమాళ్ళకు ఆరగింపు చేయగలిగినచో ఆ గదియే గృహమగును. సమీపమున ఆలయము కలదా? మంచము పట్టినను, మతిమరపు ముదిరినను అచ్చటనే ఉంచుకొందురా, పొమ్మందురా? దంపతులలో ఒకరు పరమపదించినచో రెండవవారి హక్కేమి? ఇల్లు కొనుటయా, డిపాజిట్టుపై ఉండుటయా? ధనము తిరిగి వచ్చు నిబంధన యెట్టిది? ఇట్టి నివాసములకు కేంద్రప్రభుత్వము 2019లో నమూనా మార్గదర్శకములను వెలువరించినది. అమ్మకపు ఇండ్లైనచో 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదును చూచుకొనవలెను. ఉన్న యిల్లు పిల్లలకు వ్రాసియిచ్చువారు తమ్ము పోషింపవలెనను షరతును దస్తావేజులోనే వ్రాయించుట వివేకము. ఆ షరతు తప్పినచో బదిలీని రద్దుచేయించుకొను మార్గమును 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టపు 23వ సెక్షను కల్పించినది.

కుమారులును ఒకటి గ్రహింపవలెను. పుండరీకుడు తలిదండ్రుల పాదసేవలో నుండి, వాకిట నిలిచిన స్వామికి ఇటుక వేసి ఆగుమనెను. స్వామి కోపింపక నేటికిని పండరీపురమున ఆ ఇటుకపై నిలిచియున్నాడు. దూరదేశముననున్న కుమారుడు ధనము పంపవచ్చును, అది ధర్మమే. కాని ధనము సేవకుని తెచ్చును, పుత్రుని తేదు. ప్రతిదినమును ఒక పలుకరింపు, ఏటేట కొన్ని దినముల సహవాసము, మనుమల గొంతు వినిపించుట, ఇవి రుసుముతో లభించునవి కావు.

తుదకు ఆ దంపతుల సంగతి. భర్త ఇంటిని గూర్చి ఆలోచించెను. కుమారుడు సౌకర్యమును గూర్చి ఆలోచించెను. ఇల్లాలి ప్రశ్నయే మూలప్రశ్న. పెరుమాళ్ళకు చోటున్నదా, తోటివృద్ధునకు భుజమిచ్చు పని యున్నదా అని విచారించి, ఉన్నదని తేలినచో ఆమె నిస్సంకోచముగా పోవచ్చును. అచ్చట చూపు తగ్గినవారికి సాయంకాలము భాగవతము చదివి వినిపించినను, మంచముననున్నవారికి తీర్థము అందించినను అది కైంకర్యమే. అవి లేనిచో, సొంత యింటనే స్నానపుగదికి కడ్డీలు అమర్చి, ప్రక్కయింటివారికి తాళముచెవి యిచ్చి, పిలుపుగంట కట్టించుకొని ఉండుట మేలు.

వనమైనను, భవనమైనను, భగవన్నామమును పరసేవయును ఉన్నచోటనే వార్ధకమునకు విశ్రాంతి. శ్రీనివాసుడు వృద్ధులందరకును అట్టి వాసమును అనుగ్రహించుగాక!