ఉమ్మడి గొట్టము

2008లో శంషాబాదున విమానాశ్రయము వెలసినప్పటినుండి ఆ ప్రాంతమున అంతస్తుల భవనములు పెరుగుచున్నవి. పెరడును నుయ్యియు గల యిండ్ల పుట్టినవారు నేడు ఒకరి నెత్తిపై నొకరు కాపురము చేయుచున్నారు. ఇందుండి యొక ధర్మసందేహము పుట్టినది. మూడవ యంతస్తున స్నానపుగది గోడలోని గొట్టము కారి, రెండవ యంతస్తువారి కప్పు చెమ్మగిలును. క్రింది యిల్లాలు బొట్లక్రింద బకెట్టు పెట్టి, దినమునకు నాలుగుమార్లు పారబోయును. మీదివారు “మా నేల పొడిగనే యున్నదిగదా” యందురు. తక్కినవారు తలుపు వేసికొందురు. బాగుచేయించు భార మెవ్వరిది?

పొరుగువాని నీటితోడి తగవు మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున మూడవ యధికరణమునందు గృహవాస్తువును గూర్చిన విధులు గలవు. నీటిచే పరుని గోడను చెఱచినవానికి 12 పణముల దండనమును, మలమూత్రములచే చెఱచినచో దానికి రెట్టింపును అచట చెప్పబడినవి. నాడు కాలువ యొకనిది, గోడ మఱియొకనిది. అపరాధి కంటికి కానవచ్చెడివాడు. నిలువుగొట్టమున కట్టి యెల్ల లేదు. అది యెక్కడ పగిలినదో గోడ త్రవ్వినగాని తెలియదు. ఎవ్వరు విడిచిన గుడ్డపేలిక యడ్డుపడినదో త్రవ్వినను తెలియదు.

నేటి శాసనము కొంత దారి చూపినది. అపార్టుమెంట్ల యాజమాన్యమును గూర్చిన 1987 నాటి చట్టము ఉమ్మడి భాగములలో ప్రతి యజమానికిని విభజింపరాని వాటా నిచ్చినది. 2016 నాటి స్థిరాస్తి చట్టము ప్రకారము, ఇల్లప్పగించిన 5 సంవత్సరములలోపల నిర్మాణలోపమును తెలిపినచో, నిర్మాతయే 30 దినములలో తన ఖర్చుతో సరిచేయవలెను. ఆ గడువు దాటిన గొట్టములే నా ప్రశ్నకు విషయము.

“తప్పు నాది కానప్పుడు నేనేల చెల్లింపవలెను?” అనుమాట వినుటకు న్యాయముగనే యుండును. కాని యీ చెల్లింపు దండనము కాదు. గొట్టముయొక్క సౌఖ్యమును వాటాగ ననుభవించువాడు దాని జబ్బును పరులదనుట యెట్లు పొసగును? (నేలయంతస్తువాడు లిఫ్టు ఖర్చు నీయననును, పైవాడు అడుగుగొట్టపు ఖర్చు నీయననును. ఈ విషయమున మాత్రము ఇరువురకును ఐకమత్యము గలదు.) డబ్బుకంటె ముందుగ నీయవలసినది మఱియొకటి గలదు: తన గది పలకలను పగులగొట్టుట కనుమతి. అది తనకు నష్టమే, లాభము క్రిందివారిది. అయినను మేస్త్రీ వాకిట నిలిచినప్పుడు తలుపు తెఱవనివాడు, చీటీపై సంతకముచేసి డబ్బిచ్చినను, తన వాటా చెల్లించినవాడు కాడు.

ఇంతవఱకును ఇండ్లుగలవారి మాట. భూగర్భకాలువ రాని చోట్ల మురుగు సెప్టికు ట్యాంకునకే చేరును. అది నిండినప్పుడు, ఆ భవనమున ఇటుకయైనను తనది కానివాడొకడు వచ్చును. రక్షణసాధనములు లేకుండ మనుష్యుని అందులోనికి దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. అయినను “త్వరగా నయిపోవును, తక్కువకు వచ్చును” అనుమాట చదువుకొన్నవారి నోటనే వినబడుచున్నది. తరతరములుగ ఏ కులముల నీ పనికి నెట్టితిమో యెఱిగినవారే యిట్లనుట మఱింత యన్యాయము. వాటాలకై రెండు గంటలు వాదించిన సంఘమువారు, లోనికి దిగువాని యూపిరిని గూర్చి యొక మాటైనను పుస్తకమున వ్రాయరు. యంత్రపుబండికి ఖర్చెక్కువ యనువారిని, ఆ యెక్కువను ఇండ్లన్నింటికిని భాగించి చూడుమని అడుగవలెను.