దక్షిణ లేని యజ్ఞము

కాంగో రిపబ్లికునకు అట్లాంటికు తీరమున ప్వాంత్‌న్వార్ అను రేవు కలదు. నైరుతి నుండి వచ్చు కెరటముల నడ్డుకొను పొడవైన రాతికట్ట చాటున ఓడలు లంగరు వేసికొనును. ఒక వైపు కంటైనర్ల వరుసలు, మఱియొక వైపు లోపలి అడవుల నుండి దిగివచ్చిన ఒకూమే దుంగల గుట్టలు, కొంత దక్షిణమున జెనో వద్ద ముడిచమురు నింపుకొనుచున్న ట్యాంకరులు. చూచువారికి ప్రపంచమునందలి ఏ రేవైనను ఇంచుమించుగా నిట్లే యుండును. కాని యీ రేవును దాని రాతికట్టతోడను క్రేనులతోడను కొలిచి తృప్తిపడినవాడు దానిని సగమైనను ఎఱుగడు; ఏలయన దీని రెండవ కొన 510 కిలోమీటర్ల లోపల, కాంగో నది యొడ్డున, బ్రజవిల్ నగరమునందున్నది; అచ్చట రైలు దిగిన సరకు పడవలకెక్కి, ఇంచుమించు 1,200 కిలోమీటర్లు నదిపై ఎదురేగి, ఉబాంగి తీరమునందలి బాంగీ పట్టణమును చేరిననే గాని దీని మూడవ కొన కానరాదు.

ఇంత దూరపు ఏర్పాటునకు కారణము నదియే. ఖండగర్భమున ఎన్నియో ఉపనదులను కలుపుకొని, ఓడలు నడచుటకు వేల కిలోమీటర్ల జలమార్గము నిచ్చిన కాంగో నది, బ్రజవిల్ దాటిన వెంటనే రాళ్ళపై దొరలి, మతాడి వరకు జలపాతముల వరుసయై, సముద్రపు ముంగిట తన తలుపు తానే మూసికొన్నది. ఎదుటి యొడ్డున బెల్జియమువారు 1898 నాటికే మతాడి నుండి రైలు వేసికొనిరి. తమ సరకు పరుల రైలుపై పోవుట ఫ్రెంచివారికి కంటగింపయ్యెను. 1921 ఫిబ్రవరిలో వారు తమ యొడ్డున కాంగో-ఓషియన్ రైలుమార్గమునకు పని మొదలిడిరి. 1934 జూలై 10వ తేదీన మొదటి కొన నుండి తుదికొన వరకు రైలు నడచెను. లోతునీటి రేవు 1939లో గాని పనిచేయుటకు సిద్ధము కాలేదు. అనగా రైలు ముందు, రేవు తరువాత. రేవు రైలునకు బిడ్డ యని చెప్పిన తప్పు కాదు.

ఆ రైలు ఎట్లు పుట్టినదో విచారించినపుడు ఒక ధర్మసందేహము ఎదురగును. ఈ వ్యాసమునకు అదియే ప్రస్తుతము.

రైలు రాకపూర్వము లోవాంగో తీరము నుండి బ్రజవిల్ వరకు సరకంతయు మనుష్యుల తలలపై నడచెడిది. అంతకు పూర్వము ఆ తీరముననే, లోవాంగో రాజ్యపు రేవుల గుండ, లక్షలాది బానిసలు సముద్రము దాటింపబడిరి. కావున రైలు వేయుటకు చెప్పబడిన కారణములలో ఒకటి మిక్కిలి ధర్మబద్ధముగా వినబడెను: మనుష్యుని తలపై నుండి బరువు దింపుట. ఈ కారణమును వట్టి కపటమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. మోతకూలీల యూళ్ళు వట్టిపోవుట కన్నులార చూచి, యంత్రమే వారికి విమోచనమని నిజముగా నమ్మినవారును ఉండిరి. అయిన నేమి? 1928లో ఆ మార్గమును చూచివచ్చి మరుసటి యేట పుస్తకము ప్రకటించిన అల్బేర్ లోంద్ర్ అను పత్రికారచయిత, నూఱు కిలోలు దాటిన సిమెంటు పీపాను మోయుటకు కూలివానికి బండి లేదనియు, ఒక కఱ్ఱయు తన తలయు మాత్రమే సాధనములనియు వ్రాసెను. తలబరువు దింపుటకై వేయు రైలును తలలపైననే మోసి తెచ్చిరి.

సముద్రమునకును లోయలకును నడుమ మయోంబే యను కొండల యడవి కలదు. వంతెనలు, గట్లు, కొండచఱియల కోతలు, బంబా పర్వతము క్రింద 1,690 మీటర్ల సొరంగము. ఇవన్నియు యంత్రబలము మిక్కిలి స్వల్పముగా, గొడ్డలి గునపములతో సాగినవి. చుట్టుపట్ల జనము చాలనందున అధికారులు జిల్లాకింత యని లెక్క కట్టి, ఉబాంగి-షారి నుండియు, చాదు నుండియు మనుష్యులను తోలించిరి; అవియు ఫ్రెంచివారి యేలుబడిలోనివే. జొన్నలు తిని ఎండనేలపై పెరిగిన సారా జాతివారు దినములకొలది కాలినడకను, పిదప క్రిక్కిఱిసిన పడవలపైనను వచ్చి, ఆ తడియడవిలో అలవాటు లేని తిండి తిని, రక్తవిరేచనములతోను, ఊపిరితిత్తుల వాపుతోను రాలిపోయిరి. పదుమూడేండ్లలో పట్టి తేబడినవారు లక్షకు మించిరి. మరణించినవారు 17,000 అని లోంద్ర్ వ్రాసెను. అప్పటికి మార్గము చాలవఱకు మిగిలియే యున్నది. ఆతనికి ముందే అంద్రే జీద్ అను రచయిత, 1927లో ప్రకటించిన తన కాంగో యాత్రాగ్రంథమున, ఈ రైలు మనుష్యులను మ్రింగుచున్నదని లోకమునకు తెలిపియుండెను. గవర్నర్ జనరల్ అంతొనెత్తి వాదమో, కొన్నివేల ప్రాణములకు సమ్మతింపవలెను, లేదా రైలును మానుకొనవలెను అను ధోరణిది. ఆ వాదమున నొక దోషమున్నది, అది వినినంతనే పట్టుబడదు: సమ్మతించువాడొకడు, చచ్చువాడు మఱియొకడు.

కర్మసిద్ధాంతమునకు మన తార్కికులు రెండు కావళ్ళు పెట్టిరి. చేసిన కర్మ ఫలమీయక నశింపరాదు. చేయని కర్మకు ఫలము ఒకనికి వచ్చి పడరాదు. మొదటిది తప్పిన కృతనాశము, రెండవది తప్పిన అకృతాభ్యాగమము. ఈ రెండును ఏ సిద్ధాంతమునకైనను పరిహరింపరాని దోషములని వారి మతము. ఇప్పుడు ప్వాంత్‌న్వార్ రేవుగట్టుపై నిలిచి చూతము. బంబా సొరంగము త్రవ్విన చేతులకు ఆ సొరంగమున ప్రయాణము లేదు. ఆ మార్గమున దుంగలను దింపి ధనికుడైన వర్తకునకు ఆ గునపముతో సంబంధము లేదు. రెండు దోషములును ఒక్క పట్టాపైననే నడచుచున్నవి.

దీనికి మనలో తేలికగా దొరకు సమాధానము పూర్వజన్మము. వారు ఎన్నడో చేసికొన్నది, ఇప్పు డనుభవించిరి. నాకు ఈ సమాధానము రుచింపదు, శాస్త్రమునకును రుచింపదని తలంచెదను. ప్రారబ్ధమను భావము తన దుఃఖమును తాను ఓర్చుకొనుటకు ఊతగా పుట్టినది గాని, పరుల దుఃఖమునకు వ్యాఖ్యానము వ్రాసి చేతులు కడుగుకొనుటకు కాదు. పైగా ఆ సిద్ధాంతము ననుసరించియే, చచ్చినవానికి అది పాతకర్మ ఫలమైనను, తోలించినవానికి అది సరిక్రొత్త కర్మ, ఆగామి. దానికి వేరుగా లెక్క గలదు. వాని ఆగామిని విడిచి వీని ప్రారబ్ధమునే విప్పిచూపు పండితుడు సిద్ధాంతమున సగము దాచినవాడగును.

ఇంతకన్న నిక్కమైన వెలుగు నాకు మీమాంసయందు కనబడుచున్నది. యజ్ఞమున హోమము చేయువారు ఋత్విక్కులు. స్వర్గము పొందువాడు యజమానుడు. ఒకని చేతకు మఱొకడు ఫలభోక్త యగుట ఎట్లు? ఋత్విక్కులను యజమానుడు దక్షిణచే కొనినాడు కావున, వారి శ్రమ వాని శ్రమయైనది కావున, ఫలము వానిదే యని జైమినీయుల నిర్ణయము. దక్షిణ లేని యజ్ఞము చచ్చిన యజ్ఞమని లోకమున స్థిరపడినది. దక్షిణ యనగా సొమ్ము మాత్రమే కాదు. దానికి ముందు ఋత్విగ్వరణము కలదు: యజమానుడు బ్రాహ్మణుని సమీపించి ప్రార్థింపవలెను, ఆతడు సమ్మతింపవలెను, ఆతనికి కాదను స్వాతంత్ర్య ముండవలెను. కాదనగలవాడు ఔనన్నపుడే వాని శ్రమ పరునకు సంక్రమించును.

రైలుకూలీలకు జీతము లేదా యని యొక పూర్వపక్షము. కాగితముపై కలదు, కొంత చేతికిని వచ్చెను. కాని ఊరి పెద్దకు ఇన్ని తలలని ఉత్తరువు వచ్చి, పాఱిపోయిన వానికై భటులు వెదకు చోట వరణము లేదు. వరణము లేని చోట దక్షిణ యిచ్చినను అది దక్షిణ కానేరదు. ఎత్తుకొని పోయిన యెద్దు ముందు గడ్డి వేసినట్లు. కావున, మీమాంసకుని తర్కము చొప్పున, ఆ శ్రమ సంక్రమింపలేదు. రైలు నడచుచున్నది, రేవు నిండుచున్నది, ఫలము మాత్రము నేటికిని ధర్మతః ఎవరికిని దఖలు పడక నిలిచియున్నది. దాని ననుభవించువాడు దొంగ యని నేననను. ఆ రైలులో బ్రజవిల్‌కు పోయి పిల్లల బట్టలమ్ముకొను స్త్రీ ఏ పాపమెఱుగును? కాని ఆమెయు, ఓడల యజమానియు, దేశాంతరమున ఆ దుంగలతో చేసిన బల్లపై వ్రాసికొనువాడును ఋణస్థులు. మనుష్యుడు తాను చేయని అప్పులతోనే పుట్టునని వైదికులు చెప్పిరి గదా. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మూడింటిని లోకము జపించును గాని, శతపథబ్రాహ్మణము వీనికి మనుష్యఋణమును నాల్గవదానిగ చేర్చినది. ఆ నాల్గవదానిని మనము మఱచుట యాదృచ్ఛికము కాదేమో.

కాదనిన వారును లేకపోలేదు. ఉబాంగి-షారిలో గ్బాయా జాతియందు కార్నూ అను ప్రవక్త బయలుదేఱి, తెల్లవారి సరకు కొనవలదు, వారికి పన్నీయవలదు, వారి వెంట పోవలదని బోధించెను. తొలుత ఆతని బోధయందు హింస లేదు. అనుచరులకు ఆతడు చేత పట్టుకొనుటకు చిన్న కొంకికఱ్ఱల నిచ్చెడివాడు. అవియే వారి రక్ష. రైలునకు మనుష్యులను తోలుటయు, రబ్బరు కంపెనీల దౌర్జన్యమును కలిసి ఆ బోధను మంటగా మార్చినవి. 1928 డిసెంబరు 11న ఆతడు సైనికుల తుపాకికి బలియయ్యెను. తిరుగుబాటు 1931 వరకు చల్లాఱలేదు. ధర్మశాస్త్రము లెఱుగని ఆ మనుష్యుడు వరణమునందలి మొదటి సూత్రమును, అనగా కాదనుటకు గల హక్కును, ఎవరును చెప్పకయే కనుగొనెను.

చచ్చినవారి సంగతి యేమి? కాంగో జాతులవారి విశ్వాసమున బ్రతికినవారి లోకమునకును పితరుల లోకమునకును నడుమ నీటి పొలిమేర యొకటి కలదు. దానిని వారు కలుంగ యందురు, సముద్రమును ఆ పేరనే తలంతురు. ఓడలపై పోయిన బానిసలు ఆ పొలిమేర దాటిపోయినవారే. కాని మయోంబేలో పడిపోయిన సారా యువకునకు ఆ సముద్రము తనది కాదు, ఆ నమ్మకమును తనది కాదు. వాని పితరులు వేఱొక నేలలో నున్నారు. ఎవరి పరలోకమునకును చెందక, పట్టాల ప్రక్కన మన్నైనవారు వీరు. మన తర్పణవిధియందు, తల్లియు తండ్రియు బంధువును లేనివారికి వేఱుగా నీళ్ళు విడుచు ఘట్టమొకటి కలదు. సంతతి లేని భీష్మునకు, ఏ గోత్రమువారైనను, రథసప్తమి మరునాడు తర్పణము చేయుదురు. నీళ్ళిచ్చుటకు రక్తసంబంధ మక్కఱలేదని ఆ విధులు ఒప్పుకొన్నవి. ఎవ్వరు, ఎచ్చట, ఎట్లు నీళ్ళు విడువవలెనను ప్రశ్నకు మాత్రము ఆ రేవున నేను చెప్పగల విధి లేదు.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చును. 1962 నుండి గాబోనులోని మోవాండా గని మాంగనీసు, మొదట తీగపై వ్రేలాడు తొట్లలోను, పిమ్మట ఈ రైలుపైనను ఈ రేవునకు దిగెను. గాబోను తన రైలు తాను వేసికొనగా ఆ రాబడి పోయెను. అంతర్యుద్ధములు మార్గమును పలుమాఱు మూసివేసినవి. 2016 తరువాత దాదాపు రెండేండ్లు రైళ్ళు నడువలేదు. 2016లోనే చైనావారు కట్టిన రహదారి రేవు నుండి బ్రజవిల్ వరకు పూర్తియయ్యెను. లారీలు రైలు పనిని చాలవఱకు పంచుకొన్నవి. రైలు వాడకము తగ్గిన కొలది ఋణమును తగ్గునా యని యొక చమత్కారి యడుగవచ్చును. రేవు నిలిచియున్నంత వఱకు తగ్గదు. ఆ రేవునకు అచ్చట నుండుటకు వేఱు హేతువు లేదు గదా.

ఇక మిగిలినది యొక్క వాదము. అది అన్నిటికన్న బలవత్తరము. తండ్రి నాటిన చెట్టు పండ్లు కొడుకులు తిందురు; కూలీలకు దక్కని ఫలము వారి సంతతికి దక్కినచో కృతనాశము లేదు గదా యని. మనుమల కడుపు నిండిన తాతలకు తృప్తి యని మన శ్రాద్ధవిధియే యొప్పుకొనును గావున ఈ వాదమును త్రోసిపుచ్చలేము; ఆ మనుమలకు దక్కినదేమో చూడవలసినదే. సారా యువకులు వచ్చిన ప్రాంతము నేడు చాదు దేశమున దక్షిణభాగము. కార్నూ తిరుగాడిన నేల నేటి మధ్య ఆఫ్రికా రిపబ్లికు. రెండును సముద్రము లేని దేశములు. రెంటికి దిగుమతియగు సరకున నధికభాగము నేడు కామెరూన్‌లోని దువాలా రేవు గుండ, చాలవఱకు లారీలపై వచ్చుచున్నది. ఆ రెండు దేశములలోను నేడు ఒక్క రైలుమార్గమును లేదు.