బాలక్రీడ - కాయకబీజము



పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన ముగ్ధభక్తుల కథలలో గొడగూచి కథ తల్లిదండ్రులు మరల మరల తలంపదగినది. తండ్రి పొరుగూరికేగుచు శివునకు పాలారగింపు చేయు పనిని చిన్నకూతున కప్పగించెను. శివుడు నిజముగా త్రాగునని ఆ బాల నమ్మెను. త్రాగకున్న బ్రతిమాలెను, ఏడ్చెను, తుదకు త్రాగించెను. తిరిగివచ్చిన తండ్రి ఆ మాట నమ్మక కోపించెను. బాలిక శివుని శరణుజొచ్చి లింగైక్యమందెను.

పని నప్పగించిన తండ్రి నమ్మకము నుంచలేకపోయెను. ఈ లోపము నేటి ఇండ్లలో లేదా? మూడేండ్ల బిడ్డ తడిమట్టితో లింగము చేసి తెచ్చినచో, బట్టలు పాడైనవని మందలింపు. పిండిముద్దను అప్పడాలకర్రతో ఒత్తబోయినచో, పిండి వృథాయని కేక. పిమ్మట అల్లరి మానుటకై చేతికి సెల్‌ఫోను. అట్టి చేతులు చేయుట మాని చూచుటకే అలవాటుపడును.

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కళ్యాణమందు కాయకమునకు పూజాస్థానమిచ్చెను. మేదర కేతయ్య వెదురుబుట్టలల్లెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. వారి భక్తి చేతులయందు నిలిచెను. అట్టి చేతులు ఒక్కనాట రావు. మట్టి పిసుకు వ్రేళ్లే రేపు కలము పట్టును. చెంబునుండి గ్లాసులోనికి నీరు పోయు బిడ్డ ఎంత వంచవలెనో, ఎప్పుడాపవలెనో తానే నేర్చును. అయితే పసివాని ఆటను సంపాదనగా మార్చుట కాయకము కాదు, అది అన్యాయము.

దీనికి వెలగల బొమ్మలక్కరలేదు. గిన్నెలు, మూతలు, కొబ్బరిచిప్పలు, తాటాకు, మట్టి చాలును. తల్లితోబాటు తండ్రియు ప్రక్కన కూర్చుండవలెను. బిడ్డ అడిగినపుడే సాయపడవలెను. మూడేండ్లలోపు వారికి గింజలు, గోళీలు ఇయ్యరాదు, గొంతున అడ్డుపడును. నీటియాట వద్ద పెద్దలు కదలక యుండవలెను. కొడుకునకు, కూతునకు భేదము చూపరాదు. తోడిబిడ్డతో బొమ్మను పంచుకొనుటయే దాసోహమునకు తొలిపాఠము. ఆట ముగిసిన పిమ్మట వస్తువులను యథాస్థానమున నుంచుట క్రమశిక్షణకు తొలిమెట్టు.

బిడ్డ తన వంకరలింగమును తెచ్చి చూపినపుడు వెంటనే సరిదిద్దకుడు. ఎట్లు చేసితివని ప్రీతితో అడుగుడు, చెప్పినది నమ్ముడు. ఇష్టలింగమును అరచేత నుంచి అర్చించు వారికి, పసిబిడ్డ అరచేతి పని చిన్నదెట్లగును?