రెండు అగ్గిపుల్లలు

ఎనిమిదో తరగతిలో నాకు స్కౌట్స్‌లో ద్వితీయ సోపాన్ బ్యాడ్జ్ వచ్చింది. అందులో వంట పరీక్ష కూడా ఉండేది. స్కూలు గ్రౌండ్‌లో మూడు ఇటుకలు పెట్టి, పుల్లలు పేర్చి, రెండే అగ్గిపుల్లలతో మంట రాజేసి ఉప్మా చేశాను. మాస్టారు కాస్త నోట్లో వేసుకుని తలూపారు. ఆ సర్టిఫికెట్‌కి నాన్న ఫ్రేము కట్టించారు. ఏలూరులో మా ఇంటి ముందుగదిలో అది ఇప్పటికీ ఉంది.

ఆ గోడకి అవతలివైపు వంటిల్లు. అప్పటికి నాలుగేళ్ళుగా అక్కడ మా అక్క వండుతోంది. అమ్మ నర్సు. డ్యూటీని బట్టి కొన్ని పొద్దుళ్ళు ఇంట్లో ఉండేది కాదు. పదకొండేళ్ళకే అక్కకి అన్నం వార్చడం వచ్చు. నీలం మంట ఎర్రబడితే సిలిండర్ అయిపోవస్తోందని తెలుసు. పాలవాడికి ఎన్ని రోజులు బాకీయో తెలుసు. నాకు ఉప్మా నేర్పింది కూడా తనే, పరీక్ష ముందురోజు రాత్రి. ఒకటికి మూడు నీళ్ళు, మరుగుతుండగా రవ్వ ధారగా పోస్తూ రెండో చేత్తో గరిటె తిప్పడం, ఉప్పు ముందే ఎసట్లో చూసుకోవడం. అంటే మాస్టారు తలూపింది అక్క చదువుకి. బ్యాడ్జ్ నా చొక్కాకి.

రెండు అగ్గిపుల్లల నియమం మా మాస్టారు పెట్టింది కాదు. 1908లో బేడెన్ పావెల్ రాసిన ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’లోనే ఉంది. దానికి ఏడాది ముందు బ్రౌన్‌సీ దీవిలో ఆయన పెట్టిన క్యాంపుకి ఇరవైమంది దాకా కుర్రాళ్ళు వచ్చారు. కొందరు ఈటన్ లాంటి బడుల్లో చదివే ధనికుల పిల్లలు, కొందరు దగ్గర ఊళ్ళ కార్మికుల పిల్లలు. పొయ్యి రాజేయడం ఆ రెండో రకం పిల్లలకి కొత్త విద్య అయుంటుందని నాకనిపించదు. ఇంట్లో చేస్తే చాకిరీ, దీవిలో చేస్తే సాహసం. పని అదే, మంట కూడా అదే.

ఈ అన్యాయాన్ని మా ఇంట్లో సరిచేద్దామని, మా ఏడేళ్ళ పాప కోసం ఫ్రిజ్ మీద ఒక చార్ట్ అంటించాను. దుప్పటి మడిస్తే ఒక స్టార్, మొక్కలకి నీళ్ళు పోస్తే ఒక స్టార్. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, టికెట్ లేని పని మా ఆఫీసులో పనే కాదు. ఆ బుద్ధి ఇంటికీ వచ్చిందన్నమాట. మూడు వారాలు అద్భుతంగా నడిచింది. ఒకరోజు మా అమ్మ, ‘కాసిని మంచినీళ్ళు తేవే’ అంటే, పాప నావైపు తిరిగి ‘ఎన్ని స్టార్లు నాన్నా?’ అంది.

1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే సైకాలజిస్టులు బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. బొమ్మలేస్తే రిబ్బన్ అంటించిన సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొన్నాళ్ళకి చూస్తే, వాళ్ళు బొమ్మల మీద గడిపే సమయం మిగతా పిల్లలతో పోలిస్తే సగానికి పడిపోయింది. చెప్పకుండా హఠాత్తుగా ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఇష్టం తగ్గలేదు.

ఇది చదివి, ఇంట్లో నేర్చేదానికి బ్యాడ్జీలు పనికిరావని తేల్చేయబోయాను. కానీ ఆ పిల్లలు బొమ్మలు వేయడం మానేసినా ఎవరి లంచ్‌బాక్సూ ఖాళీగా ఉండదు. అక్క మానేస్తే నా బాక్స్ ఖాళీ. ప్రేమతో చేసే పనికి గుర్తింపు దేనికి అనే మాట మా ఇంట్లోనూ విన్నాను, అయితే ఆ మాట అన్నవాళ్ళెవరూ వండేవాళ్ళు కాదు. పోనీ, అక్కకీ ఒక బ్యాడ్జ్ ఇచ్చుంటే? ఇంకో నాలుగేళ్ళు నవ్వుతూ వండమని చెప్పడానికి అంతకన్నా చవకైన మార్గం ఉండదు.

నా పరీక్షకి ఒక ముగింపుంది. తప్పితే మళ్ళీ రాయొచ్చు, అసలు రానని కూడా అనొచ్చు. అక్కకి వీటిలో ఏదీ లేదు. ఇప్పుడు ఆలోచిస్తే నన్ను ఇబ్బంది పెట్టేది ఫ్రేము కాదు. నాకు వంట వచ్చని రుజువైన తర్వాత కూడా, ఒక్క ఆదివారం నేను వంటింట్లోకి వెళ్ళలేదు. రుజువైపోయింది కదా, ఇంకెందుకనుకున్నానేమో. లేదా అసలు అనుకోనేలేదేమో. ఈ రెండోదే నిజమయ్యే అవకాశం ఎక్కువ.

మొన్న అక్కకి ఫోన్ చేసి అడిగాను, ఆ ఫ్రేము చూసి ఎప్పుడైనా బాధపడ్డావా అని. కాసేపు నవ్వింది.

‘ఫ్రేము సంగతి నాకెందుకురా? ఆరోజు ఉప్మాకని చిన్న ఇత్తడి గిన్నె పట్టుకెళ్ళావు చూడు, అది మళ్ళీ ఇంటికి రాలేదు. అమ్మ నన్ను తిట్టింది.’